నీరజ కాళ్ళకు పదహారు కిలోమీటర్ల సాక్స్

మా మిల్లు వేబ్రిడ్జి గదిలో నేల మీద ఒక బాట పడింది. అది కిటికీ దగ్గర మొదలై బీరువా దాకా పోయి, మళ్ళీ కిటికీ దగ్గరికే వస్తుంది. సిమెంటు నేల మీద బాట ఎలా పడుతుందని అడిగితే, ఆ గదిలో మూడేళ్ళుగా నీరజ పనిచేస్తోందని చెప్తాను. ఆ పిల్లకు కుర్చీ ఉంది. కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు దాని మీద ఇంకా చిరగలేదు. వడ్ల లారీ కాంటా ఎక్కితే నీరజ నిలబడే అంకె చూస్తుంది, నిలబడే కంప్యూటర్‌లో కొడుతుంది, కాగితం డ్రైవర్ చేతికిచ్చి మళ్ళీ నడక మొదలుపెడుతుంది. ఒక కొత్త డ్రైవర్ ఆ కాగితం కోసం ఆమె వెనకే మూడు చుట్లు తిరిగాడు. పది చుట్లు అని చెప్పేవాణ్ణే. మా ఇంట్లోవాళ్ళు నా మాటల్ని ఎలాగూ కోసేసి వింటారు కాబట్టి నేనే కోసి మూడు అంటున్నాను.

నీరజ తండ్రి రాందాస్ మా మిల్లులో హమాలీ. దామరచర్ల పక్కన తండా వాళ్ళది. పాతికేళ్ళ క్రితం మిర్యాలగూడ వచ్చి నా మిల్లులో మొదటి బస్తా ఎత్తాడు. తల్లి గౌరీబాయి పొలం పనులకు పోతుంది. నీరజ చిన్నప్పుడు తండ్రి వెంట మిల్లుకు వస్తే, పేర్చిన బస్తాల మీద ఈ చివర నుంచి ఆ చివరకు పరుగులు పెట్టేది. బడిలో టీచర్లు రాందాస్‌ను రెండుసార్లు పిలిపించారు. తిట్టడానికి కాదు, "మీ అమ్మాయి మార్కులు బాగున్నయి గానీ బెంచీ మీద ఎప్పుడూ ఉండదు" అని చెప్పడానికి. డిగ్రీ అయ్యాక ఇంట్లో సంబంధాల మాట ఎత్తితే ఒక్కటే అన్నది:

"బాపూ, నాకు కూసునే కొలువు వద్దు, కూసునే సంసారం వద్దు. అడవి బీట్ ఆఫీసర్ కొలువుంది. పొద్దందాక నడవాలె. నడిచినందుకు జీతమిస్తరు. నాకు గంతకన్న ఏం కావాలె?"

ఆ కొలువుకు రాత పరీక్ష అయ్యాక నడక పరీక్ష ఉంటుంది. ఆడవాళ్ళు నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు నడవాలి. మీలో ఎవరికైనా అది చాలా దూరం అనిపించవచ్చు. నీరజకు అది నవ్వులాట. రెండేళ్ళ క్రితం మొదటిసారి పోయినప్పుడు అలాగే నవ్వుకుంటూ పోయింది. పదకొండో కిలోమీటర్ దగ్గర మడమ మండింది. రాయి మీద కూర్చుని షూ విప్పి చూసుకుంది. మడమ మీద రూపాయి బిళ్ళంత బొబ్బ. దాని మీద రుమాలు చుట్టి, మళ్ళీ షూ తొడిగి, కుంటుకుంటూ వచ్చింది. ముగింపు గీత దాటేసరికి నాలుగు గంటల తొమ్మిది నిమిషాలు.

ఆ తొమ్మిది నిమిషాలు ఆమెను వదల్లేదు. హమాలీలు కూడా వదల్లేదు. "ఏమ్మా తొమ్మిది నిమిషాలూ, లారీ వచ్చింది సూడు" అని పిలిచేవాళ్ళు. నీరజ పలికేది. పలికిన ప్రతిసారీ నడక కొంచెం వేగం అయ్యేది.

రెండోసారి పిలుపు వచ్చింది. ఇరవై రోజుల గడువు. వయసు దాటేలోపు ఇంకో నోటిఫికేషన్ వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. నీరజ ఫోన్‌లో ఆ పిలుపు చూపిస్తూ నా చుట్టూ తిరిగింది. చదవడానికి నేను కూడా తిరగాల్సి వచ్చింది.

"తాతా, కాలు మళ్ళ గట్లనే అయితే?"

"పోయినసారి షూలోపల ఏం తొడిగినవ్?"

"మా అన్న సాక్స్."

"షూ?"

"షూ నాయే. ఏడాది తొక్కిన. పాదానికి మంచిగ కుదిరినయ్."

"అయితే తప్పు సాక్స్‌దే. సాక్స్ సంగతి నాకు విడిచిపెట్టు. నేను కాన్వెంట్‌ల సదివిన."

చదివిన మాట నిజం. ప్రతి సోమవారం సిస్టర్ మమ్మల్ని వరుసలో నిలబెట్టి ముందు గోళ్ళు, తర్వాత రుమాలు, ఆ తర్వాత సాక్స్ చూసేది. మోకాలి కింద దాకా లాగి ఉండాలి, ముడత కనిపిస్తే స్కేలు పడేది. ఆ మాత్రం నిజం మీద నేను ఒక అంతస్తు కట్టాను. యాభై ఏళ్ళుగా ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పే ముచ్చటే నీరజకూ చెప్పాను. మా అమ్మ నా సాక్స్‌కు గంజి పెట్టేది. విప్పి గడప దగ్గర వదిలితే రెండూ నిలబడే ఉండేవి. ఒకనాడు నాకు జ్వరం వస్తే వాటినే బడికి పంపించారు, సిస్టర్ హాజరు కూడా వేసింది.

నీరజ ఒక్క క్షణం ఆగింది. "పరీక్ష కూడా అవే రాసినయా తాతా?"

"రాసినయ్. లెక్కల్లో నాకన్న ఎక్కువ మార్కులొచ్చినయ్."

మర్నాడు మిర్యాలగూడలో లక్ష్మయ్య కొట్టుకు తీసుకుపోయాను. బడి యూనిఫాంలు అమ్మే కొట్టు అది. లక్ష్మయ్య నా కోరిక విని మందపాటి తెల్లని నూలు సాక్స్ తీశాడు. మోకాలి దాకా వచ్చేవి. చూడగానే నాకు కళ్ళు చెమర్చాయి. అచ్చం మా సిస్టర్ మెచ్చే రకం.

"ఒక సైజు పెద్దదే తీస్కోండ్రి సేటూ," అన్నాడు లక్ష్మయ్య. "పెరిగే పిల్ల."

"నాకు ఇరవై నాలుగేండ్లు," అన్నది నీరజ.

"ఉతికితే దగ్గర పడ్తయ్ బిడ్డా. మా కొట్ల సరిపోయే సైజు ఎవరికీ ఇయ్యం. తెల్లారి తల్లి వచ్చి లొల్లి పెడ్తది."

అది మా దగ్గర అందరి అలవాటే. చొక్కా గానీ చెప్పులు గానీ ఒక సైజు పెద్దది కొంటాం, కొన్నాళ్ళు వస్తాయని. నేనూ తల ఊపాను. నీరజ తన పాదం వైపు ఒకసారి, నా ముఖం వైపు ఒకసారి చూసింది.

ఆ సాయంత్రం సాగర్ కాల్వ కట్ట మీద నడక. నేను తూము గోడ మీద గడియారం పట్టుకుని కూర్చున్నాను. మూడున్నర కిలోమీటర్లు పోయి మూడున్నర వచ్చేసరికి నీరజ నడకలో తేడా ఉంది. కుడికాలు వేస్తోంది గానీ మోపడం లేదు. గోడ మీద కూర్చుని షూ విప్పింది. సాక్స్ పిండితే నీళ్ళు కారేలా ఉంది. నూలు చెమట తాగింది, తాగింది వదల్లేదు. సాక్స్ మడమ ఉండాల్సిన చోటు చీలమండ మీదికి ఎక్కింది. మిగిలిన గుడ్డంతా పాదం కింద మడతపడి కూర్చుంది. మడత ఉన్నంత మేరా చర్మం ఎర్రబడి, మధ్యలో బఠాణీ గింజంత బొబ్బ.

"కొత్తయి గదా, అలవాటు కావాలె," అన్నాను.

"తాతా, మీ ఇంటికీ ఆ కాన్వెంటుకూ ఎంత దూరముండె?"

"మధ్యల ఒక సందు."

"సందా?"

"పెద్ద సందు."

నీరజ చెప్పులు వేసుకుని, షూ చేతిలో పట్టుకుని, కుంటుతూనే అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది. మర్నాడు రాందాస్ బస్తా దించి నా ముందు నిలబడ్డాడు.

"సేటూ, మీరు పెద్దలు. మా పిల్ల నడకను మాకిడ్శిపెట్టుండ్రి. నేను ఇరవై ఐదేండ్ల సంది ఒట్టి కాళ్ళతోని బస్తాలు మోస్తున్న. నాకు సాక్స్ ఎవరిచ్చిండ్రు?"

"బాపూ, నీ మడిమలు సూస్కున్నవా ఎప్పుడన్న?" అని గదిలోంచి నీరజ కేక వేసింది. "అండ్ల పెసర్లు ఏస్తే మొలుస్తయ్."

బొబ్బ మానడానికి ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ మిల్లులో ఎవరికీ నెమ్మది లేదు. నడవొద్దంటే నీరజ ముని వేళ్ళ మీద నడిచేది. మడమ ఆనించొద్దన్నారని బీరువా పట్టుకుని నిలబడి, ఆ నిలబడినచోటే కాళ్ళు మార్చి మార్చి వేసేది. ఆమెను చూసి చూసి నాకూ కుర్చీలో నిలకడ పోయింది.

ఆరో రోజు కోదాడలో నాకు చుట్టాలింట్లో పని పడింది. నీరజను వెంటపెట్టుకుపోయాను. బస్టాండు ముందు సుక్కమ్మ అనే ఆమె పట్టా పరిచి సాక్స్, బనియన్లు అమ్ముతోంది. కోదాడ మాట ఆమెది. సగం ఇటు, సగం ఆంధ్రా వైపు.

"రండి బాబుగారూ, మూడు జతలు కలిపి తీసుకోండి. ఇదిగో అమ్మా, పట్టుకు చూడు, గాలిలా ఉంటాయి. వేసుకున్నట్టే ఉండదు."

నీరజ పట్టుకు చూసింది. పలుచగా, చీలమండ కిందికే ఆగిపోయే పొట్టి నైలాన్ సాక్స్. పిండినా నీరు నిలవదు. ముఖం వెలిగింది. "చెమట పట్టుకోవు తాతా."

"ఇంతకీ దేనికమ్మా, కాలేజీకా?" అన్నది సుక్కమ్మ.

"నడవనీకి. పదహారు కిలోమీటర్లు."

సుక్కమ్మ చేతిలోని బనియన్ పక్కన పెట్టి, బస్టాండు వైపు చూపించింది. "ఎదురుగా ఇన్ని బస్సులుంటే నీకేం ఖర్మమ్మా?"

ఆ వారంలోనే తండాలో నాట్లు పడ్డాయి. మనుషులు తక్కువై గౌరీబాయి ఒక్కతే అవస్థ పడుతుంటే, నీరజ సెలవు పెట్టి రెండు రోజులు మడిలో దిగింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిక్కల లోతు బురదలో నిలబడి, మూడోనాడు తెల్లారగానే సుక్కమ్మ సాక్స్ తొడిగి నడకకు బయలుదేరింది. నాలుగు కిలోమీటర్లు కాకుండానే పొట్టి సాక్స్ జారి మడమ కిందికి దూరింది. షూ అంచు నేరుగా చర్మాన్ని గీకింది. రెండు రోజులు నీళ్ళలో నానిన చర్మం అది, ఊరికే లేచి వచ్చింది.

గౌరీబాయి కూతురి కాలు ఒళ్ళో పెట్టుకుని చూసిందట. "కాళ్ళా ఇవి? నానిన అటుకుల లెక్కున్నయ్. రేపట్నుంచి నువ్వు మడిల అడుగు పెడితే ఊకోను. నీ వంతు నాట్లు నేనే ఏస్త."

ఇక ఏడు రోజులే మిగిలాయి. ఈసారి బొబ్బ పైపైనే లేచింది కాబట్టి త్వరగానే ఆరింది. కానీ నీరజలో ఏదో ఆరిపోయినట్టు కనిపించింది. నడుస్తూనే ఉంది. ఇంతకుముందు నడిస్తే ఎక్కడికో పోతున్నట్టుండేది, ఇప్పుడు ఎవరో తరుముతున్నట్టుంది. హమాలీలు "తొమ్మిది నిమిషాలు" అని పిలవడం వాళ్ళంతట వాళ్ళే మానేశారు. వాళ్ళు మానేసిన రోజు నాకు నిజంగా భయం వేసింది.

ఆ పొద్దున తనే నా దగ్గరికి వచ్చింది. చేతిలో బియ్యం సంచి. అందులో తన షూ.

"తాతా, సూర్యాపేట పోదాం. కానీ ఈసారి మీరు ముచ్చట్లు చెప్పొద్దు. ఊకె కూసోండ్రి."

సూర్యాపేటలో గిరిధర్ అనే అతను ఆటసామాన్ల కొట్టు నడుపుతాడు. పొడుగాటి కొట్టు. వాకిట్లో క్రికెట్ బ్యాట్లు మొదలైతే, వెనక గోడకు క్యారంబోర్డులు ఆనించి ఉంటాయి. మధ్యలో మంచి నడవా. నీరజ ముందు ఆ నడవానే చూసింది. తర్వాత సాక్స్ పెట్టె అడిగి, కింద కూర్చుని, ఒక జత తొడిగి, తన షూ వేసుకుని, బ్యాట్ల నుంచి క్యారంబోర్డుల దాకా నడక మొదలుపెట్టింది.

"ఏయ్ అమ్మా! కొన్నంక నడువు," అన్నాడు గిరిధర్.

"నడిశినంకనే కొంట."

"సాక్స్ ట్రయల్ ఇయ్యం. విప్పు విప్పు."

ఊరికే కూర్చోమన్నది కదా అని నేను ఊరికే కూర్చోలేకపోయాను. "ఎవరనుకున్నవయ్యా ఆమెను? ఆసియా నడక పోటీలకు పోతున్నది. జపాన్‌వాళ్ళు ఆమె పేరు చెప్తే ఉలిక్కిపడ్తరు."

గిరిధర్ గబగబా కుర్చీ తుడిచాడు. నీరజ నడుస్తూనే నా గాలి తీసేసింది. "అబద్ధం. బీట్ ఆఫీసర్ నడక పరీక్షకు పోతున్న. పోయినసారి తొమ్మిది నిమిషాలల్ల పోయింది. బొబ్బలొచ్చి."

గిరిధర్ ఆమె కాళ్ళ వైపు చూశాడు. జపాన్ మాటకు కుర్చీ తుడిచిన మనిషి, తొమ్మిది నిమిషాల మాటకు నిచ్చెన వేశాడు. అటక మీది నుంచి దుమ్ముపట్టిన ఒక చిన్న డబ్బా దించాడు.

"కేదార్‌నాథ్ పోయేటోళ్ళ కోసం తెప్పిస్త. ఇది ఒక పెద్దాయన భార్యకని చెప్పి తెప్పించిండు. యాత్ర ఆగిపాయె, ఇది నా దగ్గరుండిపాయె. చిన్న సైజు. ఎవరికీ పట్టదు."

బూడిదరంగు జత. నేను తాకి చూసి ఉలిక్కిపడ్డాను. "ఉన్నియా? మన ఎండకా? పాదాలు ఉడికిపోతయ్."

"స్వెటర్ ఉన్ని కాదు సార్. సన్నది. నైలాన్ కలిసి ఉంటది. చెమటను లోపట ఉంచుకోదు, బయటికి తోస్తది. మందం మడమ కాడ, వేళ్ళ కాడనే ఉన్నది, పైన పలుచగుంటది సూడుండ్రి."

నీరజ నా మాటా వినలేదు, అతని మాటా వినలేదు. సాక్స్ తిరగేసింది. వేళ్ళ దగ్గరి కుట్టు మీద బొటనవేలు నెమ్మదిగా జరిపింది. గరుకు తగల్లేదు. తొడిగింది. మడమ మడమలోనే కూర్చుంది, ఎక్కడా గుడ్డ మిగల్లేదు. పై అంచు షూ అంచుకు నాలుగు వేళ్ళు పైన ఆగింది. సీసాలో నీళ్ళు నాలుగు చుక్కలు వేలితో దాని మీద చల్లి, నడిచింది. పది చుట్లు. ఇరవై. బ్యాట్ కొనడానికి వచ్చినవాళ్ళు గోడకు ఆనుకుని దారి ఇచ్చారు. గిరిధర్ మొదట లెక్కపెట్టాడు, తర్వాత లెక్క వదిలేసి టీ తెప్పించాడు. ఇన్నాళ్ళూ మేమందరం ఎగతాళి చేసిన ఆ నిలకడలేనితనం ఎందుకు పనికొస్తుందో ఆ కొట్లో చూశాను. అంగట్లో అంతసేపు నడిచి సాక్స్ కొనగల ఓపిక నీరజకు తప్ప ఎవరికుంటుంది?

చివరికి విప్పి, నీళ్ళు చల్లినచోట చెంపకు ఆనించి చూసింది. ఆరిపోయింది. పాదం తిప్పి చూసుకుంది. ఒక్క ఎర్రగీత లేదు.

"ఇవే," అన్నది. అలాంటిది ఇంకో జత గిరిధర్ దగ్గర లేదు.

ఆ జతతో కాల్వ కట్ట మీద పన్నెండు కిలోమీటర్లు నడిచి వచ్చి, విప్పి, పాదం నా ముందు పెట్టింది. శుభ్రంగా ఉంది. నీరజ నవ్వింది. ఇరవై రోజుల్లో అదే మొదటిసారి.

పరీక్ష పోయినసారి పెట్టిన చోటే, సూర్యాపేట బయట, పొద్దున ఆరింటికి. తండా నుంచి ఆ వేళకు బస్సు అందదు కాబట్టి ముందురోజు సాయంత్రమే తండ్రీకూతుళ్ళను మా ఇంటికి రమ్మన్నాను. మా అబ్బాయి శ్రీధర్ కారు తీస్తానన్నాడు. ఇంతవరకూ నేను చేసినవన్నీ మంచి పనులే. ఆ తర్వాత, మట్టి కొట్టుకుని ఉన్న సాక్స్ నీరజ షూలోంచి తీసి, మా ఇంటావిడ లీలావతి చేతికిచ్చి, "రేపు పరీక్షకు పోయే సాక్స్. బాగా చెయ్యి" అన్నాను.

లీలావతి నిఘంటువులో 'బాగా చెయ్యడం' అంటే ఒకటే. నా పంచెలు, లాల్చీలు, దిండుగలీబులు అన్నీ ఆమె చేతిలో గంజి తాగి బిగుసుకున్నవే.

తెల్లవారుజామున నాలుగున్నరకు పెరట్లోంచి నీరజ పిలిచింది. అరుపు కాదు. చాలా మెల్లని గొంతు.

"తాతా. ఇవి నిలబడ్డయ్."

పోయి చూశాను. దండెం మీది నుంచి తీసి గట్టు మీద పెట్టిందట. రెండు సాక్స్ నిటారుగా, వేళ్ళు ముందుకు చాపి, హాజరుకు సిద్ధంగా నిలబడి ఉన్నాయి.

"లీలా! సాక్స్‌కు ఎవరన్న గంజి పెడ్తరా?"

"మీ అమ్మగారు పెట్టేదని పెళ్ళైన కాడి నుంచి వింటున్న కదండీ! ఇంటికొచ్చినోళ్ళందరికీ చెప్తిరి. కాన్వెంట్ల అదే పద్ధతేమో అనుకున్న. మీరే కదా బాగా చెయ్యమన్నది?"

రాందాస్ వచ్చి సాక్స్ చేతిలో పట్టుకు వంచాడు. అప్పడంలా చప్పుడు చేసింది. నా వైపు చూశాడు. ఇరవై ఐదేళ్ళలో నన్ను అలా ఎప్పుడూ చూడలేదు.

నీరజ పెరటిని రెండు చుట్లు చుట్టింది. ఆ రెండు చుట్లలో ఆమె మనసులో ఏమేం తిరిగాయో నాకు తెలుసు. లక్ష్మయ్య తెల్ల సాక్స్, సుక్కమ్మ పొట్టి సాక్స్, పదకొండో కిలోమీటర్ రాయి. మూడో చుట్టు తిరగకుండా ఆగింది.

"అమ్మమ్మా, గోరెచ్చని నీళ్ళు కావాలె. రెండు తువాళ్ళు కూడా."

మూడు నీళ్ళలో గంజి వదిలేదాకా పిసికింది. తువాలు పరిచి, సాక్స్ లోపల పెట్టి చుట్టి, ఆ చుట్ట మీద ఎక్కి నడిచింది. ఇంకో తువాలులో పెట్టి మళ్ళీ నడిచింది. మెత్తబడ్డాయి గానీ తడి ఉంది. తడి సాక్స్‌తో పదహారు కిలోమీటర్లంటే ఏమవుతుందో ఆ పెరట్లో ఉన్న అందరికీ తెలుసు.

"కారు ఎంతసేపు?" అన్నది శ్రీధర్‌తో.

"గంట."

"సాలు. గాలికి ఆరుతయ్. తాతా, మీరొకటి పట్టుకోండ్రి. బాపూ, నువ్వొకటి."

ఇక్కడి నుంచి నేను చెప్పేది మా ఇంట్లో ఎవరూ కోసి వినడానికి లేదు, శ్రీధర్ కారులోనే ఉన్నాడు. నేను ఎడమ కిటికీలోంచి ఒక చెయ్యి, రాందాస్ కుడి కిటికీలోంచి ఒక చెయ్యి బయటపెట్టి, పిడికిట్లో సాక్స్ అంచు బిగబట్టి కూర్చున్నాం. గాలికి అది కొట్టుకుంటుంటే మోచెయ్యి గుంజేది. వదిలితే ఏ పొలంలో పడుతుందో తెలియదు. ఎదురొచ్చిన లారీ ఒకటి మా మిల్లుదే. డ్రైవర్ వేగం తగ్గించి తల బయటపెట్టాడు.

"సేటూ, ఏ పార్టీ జెండా?"

"నీరజ పార్టీ! నువ్వు పోవయ్యా!"

ఇరవై నిమిషాలు పోయాక తుంపర మొదలైంది. చేతులు లోపలికి లాక్కున్నాం. మధ్యలో కూర్చున్న నీరజ మోకాళ్ళు ఆడుతూనే ఉన్నాయి, వాటితోపాటు సీటు, సీటుతోపాటు నేను.

"శ్రీధరన్నా, హీటర్ ఉన్నదా దీంట్ల?"

"హీటరా? ఈ కాలంలనా?" కారు కొన్ననాటి నుంచి ఆ మీట ఎవరూ ముట్టలేదు. తిప్పితే మాడు వాసన వచ్చింది, ఆ వెనకే వేడి గాలి. నీరజ ముందుకు వంగి, ఆ గాలికి సాక్స్ రెండూ పట్టింది. అద్దాలు మూసుకుని, ఆవిరి కుడుముల్లా ఉడికిపోతూ, చెమటలు కక్కుతూ సూర్యాపేట చేరాం. దారి పొడుగునా ఎవరూ హీటర్ ఆపమనలేదు.

మైదానంలో పేర్లు పిలుస్తున్నారు. నీరజ చెప్పులతోనే దిగి, చేతుల్లో సాక్స్ ఊపుకుంటూ అటూ ఇటూ నడిచింది. తన పేరు వచ్చేముందు చెంపకు ఆనించి చూసింది.

"ఏళ్ళ కాడ జర తడి ఉన్నది."

"మరి?" అన్నాడు రాందాస్.

"నడుస్తుంటే ఆరుతది బాపూ. ఇది ఆరే రకం. అందుకే కదా తీస్కున్న."

కింద కూర్చుని తొడిగింది, వేలితో లోపలి మడతలు సరిచేసింది, షూ తాళ్ళు కట్టింది, లేచింది. ఎనిమిది పోను, ఎనిమిది రాను. విజిల్ వేశారు.

తర్వాత ఏం చేయాలో నాకు తెలియలేదు. రాందాస్ గొంతుక్కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, రోడ్డు వైపే చూస్తూ ఉండిపోయాడు. శ్రీధర్ కారులో పడుకున్నాడు. నేను మాత్రం కూర్చోలేకపోయాను. టీ కొట్టు దాకా పోయి తాగకుండా వచ్చాను. చెట్టు దాకా పోయి వచ్చాను. నా వయసు డెబ్బై నాలుగు. నా బతుకులో చేసిన పనంతా గద్దె మీద కూర్చునే చేశాను. ఆ పొద్దున నా కాళ్ళు నా మాట వినలేదు. యాభై ఏళ్ళు ఊరికే ఆడిన ఒక అబద్ధం ఇప్పుడు ఒక ఆడపిల్ల వేళ్ళ సందులో తడిగా ఉంది. అది ఏ కిలోమీటర్ దగ్గర బొబ్బవుతుందోనని లెక్క వేసుకుంటూ తిరిగాను.

మూడు గంటలు గడిచాయి. పోయినసారి నాలుగు దాటింది కదా, ఇంకా చాలాసేపు ఉందనుకుని, ఎదురుపోయి చూద్దామని రోడ్డు వెంట బయలుదేరాను. గీత దగ్గర నుంచి అర కిలోమీటరు పోయానో లేదో, దారి మరిచానేమోనని వెనక్కి తిరిగి మైదానం వైపు చూస్తూ నిలబడ్డాను. వెనక నుంచి అడుగుల చప్పుడు. చాలా వేగంగా.

"తాతా, పక్కకు జరగుండ్రి!"

జరిగాను. నీరజ నా పక్క నుంచి పోయింది. నేను కూడా రెండడుగులు పరిగెత్తాను.

"సాక్స్ ఎట్లున్నయే?"

"ఏ సాక్స్?" అన్నది, వెనక్కి చూడకుండానే.

రాందాస్ చెప్పిన లెక్క ప్రకారం ఆమె గీత దాటేసరికి మూడు గంటల ఇరవై రెండు నిమిషాలు. నేను అక్కడికి చేరేసరికి ఆమె ఆగలేదు. గీత దాటి, ఆఫీసర్ "అమ్మా, అయిపోయింది, ఆగు" అంటున్నా మైదానం చుట్టూ ఇంకో చుట్టు వేస్తోంది. రాందాస్ తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. ఈసారి పాత చూపే.

"పదకొండో రాయి కాడ ఒక్కసారి యాదికొచ్చినయ్," అన్నది నీరజ కారులో, పాదం చూపిస్తూ. చిటికెనవేలు పక్కన కొంచెం ఎర్రగా ఉంది, అంతే. "రాయి కాడ కూసుందామా అనిపించింది. ఆ రాయిని సూసుకుంట ముందుకు వచ్చిన."

ఎంపిక జాబితా ఇంకా రాలేదు. వారం అన్నారు, నెల అయింది. ఆ సాక్స్ నీరజే ఉతుక్కుంటుంది, వేబ్రిడ్జి గది కిటికీ చువ్వకు ఆరేసుకుంటుంది. మా ఇంటి దాకా రానివ్వదు. లీలావతి ఇప్పుడు నేను ఏ ముచ్చట మొదలుపెట్టినా, "ఇది చేసి చూడాల్సిందా, ఊరికే వినాల్సిందా?" అని ముందే అడిగి తెలుసుకుంటుంది.

నిన్న జాబితా సంగతి కనుక్కుందామని కాంటా గదికి పోయాను. నీరజ ఫోన్ చెవిలో పెట్టుకుని, హైదరాబాద్‌లో ఎవరినో అదే అడుగుతూ కిటికీ నుంచి బీరువాకు, బీరువా నుంచి కిటికీకి తిరుగుతోంది. జవాబు ఏమొస్తుందోనని ఆమె వెనకే నేనూ మూడు చుట్లు తిరిగాను. నాలుగో చుట్టులో ఫోన్ పెట్టేసి ఇటు తిరిగింది.

"సోమవారమట," అన్నది. "తాతా, జర జరగుండ్రి. బాట మీద నిలబడ్డరు."